గోదావరి వరదలు, త్రాగునీరు, మన సంఘములు

ఈ శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయవలెనని పెద్దలు కోరినప్పుడు మేము మొదట చేసిన పని పాత రిజిస్టర్ల దుమ్ము దులుపుట. బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు, ఆదివారపు కానుకలు – మన సంఘ చరిత్రకు ఇవే ఆధారములు. వశిష్ఠ పాయ ఒడ్డున మేము పరిచర్య చేయుచున్న లంక సంఘములో 1986వ సంవత్సరపు ఆరాధన పుస్తకము అట్టలు ఉబ్బి, పేజీలు ఒకదానికొకటి అంటుకొని ఉన్నది. జాగ్రత్తగా విడదీసి చూచితిమి. ఆగస్టు 17, ఆదివారమునకు ఎదురుగా వరద వలన ఆరాధన జరుగలేదని ఒక్క ముక్క ఉన్నది. మరుసటి ఆదివారమునకును అంతే. కానుకల గడి ఖాళీగా ఉన్నది.

ఆ ముందురోజు, అనగా ఆగస్టు 16న, భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరినది. ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రమునకు పోయినది. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. అంత నీరు మన గుమ్మములలోనుండి పోయిన సంగతిని మన పుస్తకము ఒక్క మాటతో ముగించినది. వ్రాసిన అయ్యగారిని తప్పుపట్టుట లేదు. ఆ దినములలో ఆయన చేతిలో కలము కంటె పడవ తెడ్డే ఎక్కువసేపు ఉండియుండును. కాని మన సంచికలలో మొదటి బాప్తిస్మము ఎప్పుడు, గుడి ప్రతిష్ఠ ఎప్పుడు, ఏ బిషప్పుగారు ఏ సంవత్సరము దర్శించినారు అను సంగతులు ఉండును గాని, నీటి సంగతి ఉండదు. ఈ డెల్టాలో నీటిని విడిచి సంఘ చరిత్ర వ్రాయుట ఎట్లు?

ఆనకట్టకు ముందు ఈ సీమ సంగతి మన పిల్లలకు తెలియదు. కోరంగి రేవును 1789లో ఒకసారి, 1839లో మరొకసారి సముద్రపు ఉప్పెన ముంచివేసినది. ఆ రెండింటి మధ్య 1832–33లో నందన సంవత్సరపు కరువు వచ్చినది. దానినే పెద్దలు డొక్కల కరువు అనేవారు. ఒక ఏడు ఏరు ఊళ్లమీదికి వచ్చెడిది, మరొక ఏడు అదే ఏటి ఒడ్డున జనము గింజలేక మాడెడివారు. జిల్లా క్షీణించిపోవుచున్నదని మద్రాసు ప్రభుత్వము సర్ హెన్రీ మాంట్‌గోమరీగారిని విచారణకు పంపినది. ఆర్థర్ కాటన్ దొర 1844లో తన నివేదిక ఇచ్చినారు. 1847లో పని మొదలై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, మధ్యలో లంకలను కలుపుకొని, రెండు మైళ్లకు పైగా రాతికట్టు లేచినది. మధ్యలో కాటన్ దొర జబ్బుపడి సెలవుపై వెళ్లగా కెప్టెన్ ఓర్ గారు పని నడిపినారు. వీణం వీరన్నగారు మొదటినుండి చివరివరకు దొరగారికి కుడిభుజమై నిలిచినారు. వైనతేయ పాయ మీదుగా కోనసీమ లంకలకు నీరు దాటించుటకు గన్నవరము వద్ద హేగ్ దొర అక్విడక్టు కట్టించినారు. దాని ప్రక్కనే తరువాతి కాలములో కట్టిన క్రొత్త అక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. పాత ఆనకట్ట స్థానములో వచ్చిన 175 గేట్ల బ్యారేజి 1982లో జాతికి అంకితమైనది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి నేడు సుమారు 10 లక్షల ఎకరములు దానిపై ఆధారపడియున్నవి.

కాటన్ దొర భక్తిగల క్రైస్తవుడు. బౌడెన్, బీర్ దొరలు 1836లోనే ఈ దేశమునకు వచ్చి, నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో సువార్త చెప్పుచుండిరి. రాజమహేంద్రవరములో లూథరన్ మిషను 1840ల నాటిది. కాలువలు వచ్చిన తరువాత మిషనరీలు ఇంటిపడవలలో లాకులు దాటుకొనుచు ఊరూర తిరిగినారు. కాలువ పోయిన దారినే వాక్యము పోయినదని మన పెద్దలు చెప్పుట సత్యమే. అందుచేత మనవారు కాటన్ దొరను తలచుకొనునప్పుడు కొంత అతిశయము కూడ కలుపుకొందురు. ఆయన విగ్రహము లేని ఊరు డెల్టాలో అరుదు. హిందూ రైతు సోదరులును ఆయనకు పూలదండ వేయుదురు. అది న్యాయమే.

అయితే ఒక మాట చెప్పవలసియున్నది. కాలువ నీరు భూమిని చూచి వచ్చినది గాని మనిషిని చూచి రాలేదు. ఎకరము ఉన్నవానికి తడి వచ్చినది. ఎకరము లేని మనవారికి కూలి వచ్చినది. రెండు పంటలు పండినందున కడుపుకు కొంత ఆధారమైనది, సందేహము లేదు. కాని ఆ ఎకరములకు వచ్చిన నీరు మన కడవలకు రాలేదు.

డెల్టాలో పుట్టినవారికి శివారు అను మాట తెలియును. లాకు దగ్గర మొదలైన కాలువ బోదెలుగా చీలి, చీలి, చిట్టచివర చేరు భూమి శివారు. వంతుల కాలములో ఎగువవారి చేలు నిండిన తరువాత మిగిలినదే శివారుకు. ఊరిలో మన పేటలును అట్టివే. మిట్టన ఊరు, పల్లములో మురుగు కాలువ ప్రక్కన పేట. కొందరికి ఏటిగట్టు మీదనే పాక. అందుచేత మంచినీరు మన యొద్దకు అందరి తరువాత వచ్చును, వరద నీరు అందరికంటె ముందు వచ్చును. నూరేండ్ల మన సంఘ చరిత్రలో ఈ రెండు సంగతులు వేరువేరు కావు. వీటిని వేరుగా చూచుటవలననే మనము రెంటిలోను నష్టపడితిమని మా అభిప్రాయము.

త్రాగునీటి సంగతి ముందు చూతము. డెల్టా గ్రామములలో మంచినీటి చెరువులను కాలువ నీటితోనే నింపుదురు. సముద్రము దగ్గరకు పోయినకొలది భూమిలోని నీరు ఉప్పన. పైపొరలో కొంత తీపి నీరు ఉండును గాని లోతుకు పోయి ఎక్కువగా తోడితే ఉప్పు పైకి వచ్చును. వేసవిలో మరమ్మతుల కొరకు కాలువలు కట్టివేయుదురు. కట్టివేయకముందే చెరువు నింపుకొని, తిరిగి నీరు వదలువరకు దానితోనే గడుపవలెను. నిండిన చెరువు అడుగంటి, పచ్చబారి, వాసన వచ్చువరకు ఆ నీళ్లే. ఆ చెరువు మెట్లు దిగుటకు ఒకప్పుడు మనవారికి హక్కు లేదు. కడవ క్రింద పెట్టి, దయగలవారెవరైన వచ్చి పోయువరకు ఎండలో నిలువబడిన సంగతి మన అమ్మమ్మలు చెప్పగా విన్నాము. మధ్యాహ్నవేళ ఒంటరిగా బావియొద్దకు వచ్చిన సమరయ స్త్రీని గూర్చి ప్రసంగము చేయునప్పుడు మన సంఘములలో వివరణ అవసరము లేదు. మిషను కాంపౌండులో త్రవ్విన బావి మనవారికి ఎంత పెద్ద సంగతియో ఇందువలన తెలియగలదు. గుడి ప్రతిష్ఠ తేదీ అందరికి తెలియును. బావి త్రవ్విన తేదీ మాకు ఎంత వెదకినను దొరకలేదు.

ఇది పాత కథ అనుకొనుటకు వీలు లేదు. డెల్టాకు వెలుపలిదైనను కారంచేడు సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. 1985 జూలైలో, ప్రకాశం జిల్లాలోని ఆ గ్రామములో, మాదిగపల్లె వారు త్రాగు చెరువు నీరు పశువుల కుడితి బకెట్లు కడిగి పాడుచేయుచున్నారని అడిగినందుకు గొడవ మొదలైనది. జూలై 17న జరిగిన దాడిలో ఆరుగురు హతులైనారు. మిగిలినవారు ప్రాణములు అరచేత పట్టుకొని చీరాలకు పరుగెత్తినారు. నీరు శుభ్రముగా ఉండవలెనని అడుగుట కొందరికి ఎంత ఖరీదైన మాటయో ఆ ఊరు చూపినది.

కుండలో నీటిని బాగుచేసుకొను విద్య మనవారికి ఎన్నడును ఉన్నది. ఎర్రనీరు వచ్చినప్పుడు చిల్లగింజ అరగదీసి కలిపిన బురద క్రిందికి దిగును. పటిక తిప్పుదురు. గుడ్డతో వడకట్టుదురు. కాచి చల్లార్చుదురు. ఇవన్నియు మంచివే. కాని చిల్లగింజ బురదను దింపును గాని పురుగుమందును దింపలేదు. కాచినంత మాత్రమున ఉప్పు పోదు. యెరికో పట్టణస్థులు తమ నీరు చెడ్డదని చెప్పినప్పుడు ఎలీషా ఇంటింటి కుండలను బాగుచేయలేదు, ఊటయొద్దకే వెళ్లినాడు. మన ఊట ఎక్కడ చెడినదో మనమును చూడవలెను.

కాలువలు త్రవ్విన దొరలు నీరు తెచ్చుటకు చూపిన శ్రద్ధ, వాడిన నీరు తీసివేయుటకు చూపలేదు. ఇది కాటన్ దొరను తక్కువ చేయుట కాదు, ఆనాటి అవసరము అది. నేల దాదాపు చదును గనుక, సముద్రము పోటు మీద ఉన్నప్పుడు మురుగు కాలువ నీరు బయటికి పోక వెనుకకే తన్నును. 1960లలో ఎ. సి. మిత్రా గారి అధ్యక్షతన నిపుణుల సంఘము కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించినది. 1968లో డ్రైనేజి సెస్సు చట్టము వచ్చినది. కొన్ని డ్రెయిన్లు వెడల్పు చేసినారు. కాని అదే కాలమునుండి ఎరువులు, పురుగుమందులు పెరిగినవి. తరువాత చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చినవి. చెరువు ఎండగట్టినప్పుడు ఆ నీరంతయు దగ్గరలోని డ్రెయిన్‌లోనికో, కొన్నిచోట్ల పంట కాలువలోనికో పోవుచున్నది. పట్టణముల మురుగు సరేసరి. రొయ్యల చెరువుల వలన త్రాగునీరు చెడుచున్నదన్న ఫిర్యాదుపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న పెద్ద తీర్పు ఇచ్చినది. దాని తరువాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము వచ్చినది. రెండు డెల్టాల నడుమ మురుగును వడకట్టు జల్లెడవలె ఉండిన కొల్లేరును చేపల గట్లు కోసివేయగా, దానిని 1999లో అభయారణ్యముగా ప్రకటించి, 2006లో గట్లు పగులగొట్టవలసివచ్చినది.

ఇచ్చట మన తప్పు మనము ఒప్పుకొనవలెను. రొయ్యల చెరువుకు అర ఎకరము కౌలుకిచ్చినవారు మన సంఘములలోను ఉన్నారు. పంట చేతికి వచ్చినప్పుడు తెచ్చు కృతజ్ఞతార్పణను మేము ప్రార్థించి స్వీకరించుచున్నాము. ఆ నీరు ఎక్కడికి వదలినారని ఒక్కరినైనను మేము అడుగలేదు. అడిగిన కానుక తగ్గునని కాబోలు. బలిపీఠము ఎదుట అడుగవలసిన ప్రశ్న కాదనుకొంటిమి.

2020 డిసెంబరులో ఏలూరులో ఏమి జరిగినదో మీకు జ్ఞాపకముండును. నాలుగైదు దినములలో ఐదు వందల మందికి పైగా జనము ఉన్నట్లుండి మూర్ఛపోయి ఆసుపత్రికి చేరినారు. ఢిల్లీ ఎయిమ్స్ వారు కొందరి రక్తములో సీసము, నికెలు కనుగొన్నారు. ఇతర సంస్థలు పురుగుమందు అవశేషములను అనుమానించినవి. కొళాయి తిప్పుటకే జనము భయపడిన దినములు అవి. చదువుకొన్న పట్టణముననే అట్లుండగా, శివారు పేటలో ఒక పిల్లకు కడుపునొప్పి వచ్చిన ఎవరు పరీక్ష చేయుదురు?

ఇక వరద. డెల్టా వరద ఉప్పెనవంటిది కాదు. ఉప్పెన చెప్పక వచ్చును. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమలో సుమారు పదివేల ప్రాణములు పోయినవి. 1996 నవంబరు 6న మన కోనసీమలోనే వెయ్యిమందికి పైగా పోయినారు. దివిసీమ తరువాత కాసా మొదలైన క్రైస్తవ సేవాసంస్థలు తీరము వెంట తుపాను రక్షణ భవనములు కట్టించినవి. ప్రభుత్వము హెచ్చరిక పద్ధతులు బాగుచేసినది. 1990 మే నెలలో అంతే బలమైన తుపాను అదే తీరమునకు వచ్చినప్పుడు మృతులు వెయ్యికి లోపుగానే ఉండిరి. అదియు చిన్న సంఖ్య కాదు. కాని ముందు సిద్ధపడుటవలన ఎన్ని వేల ప్రాణములు దక్కినవో ఈ లెక్క చూపుచున్నది.

గోదావరి వరద మాత్రము కబురు పంపి వచ్చును. భద్రాచలము మెట్టు మీద 43, 48, 53 అడుగులు – మూడు హెచ్చరికలు. అక్కడి నీరు పాపికొండలు దాటి ధవళేశ్వరము చేరుటకు దాదాపు ఒక రోజు పట్టును. ధవళేశ్వరములో 11.75, 13.75, 17.75 అడుగులు – మరల మూడు హెచ్చరికలు. మొదటి హెచ్చరిక వినబడుసరికే కనకాయలంక, ఎదురుబిడియము కాజ్‌వేలు మునుగుట తరచు చూచుచున్నాము. అనగా లంకలలోనివారికి రెండవ హెచ్చరిక వరకు ఆగు అవకాశము లేదు. రేడియోలో చెప్పు అంకె ధవళేశ్వరమునకు సంబంధించినది. అది మన గుమ్మమునకు ఏ మెట్టు అగునో మనమే లెక్క కట్టుకొనవలెను. ఈ లెక్క ఏ ఆఫీసులోను దొరకదు. పెద్దల జ్ఞాపకములోనే ఉండును. ఆ జ్ఞాపకమును మేము ఎట్లు పోగొట్టుకొంటిమో చెప్పుట ఈ వ్యాసమునకు అవసరము.

మా సంఘములో పాత గుడి మిట్టమీద ఉన్నది. మిషను కాలములో కట్టినది. దారికి దూరమని, కారు పోదని మేమందరము విసుగుకొనెడివారము. 2019లో కమ్యూనిటీ హాలు కట్టదలచి రోడ్డు ప్రక్కన స్థలము తీసికొంటిమి. శంకుస్థాపన దినమున ఎనుబదేండ్ల తల్లి ఒకరు మా చేయి పట్టుకొని, “అయ్యగారూ, ఎనభై ఆరులో ఇక్కడ మనిషి మునిగే నీళ్లండి. పశువులు కొట్టుకుపోయింది ఇటేనండి” అన్నారు. మేము చిరునవ్వు నవ్వి, ప్రార్థన చేయుదుమని చెప్పితిమి. 1986 నాటికి మేము చంటిబిడ్డలము. కమిటీలోనివారు చాలమంది అప్పటికి పుట్టనే లేదు. హాలు బాగుగా వచ్చినది. వరద వచ్చిన పనికివచ్చునని బియ్యము బస్తాలు, దుప్పట్లు, నీళ్ల డ్రమ్ములు అందులోనే భద్రపరచితిమి.

2022 జూలై 16న భద్రాచలములో నీరు 71.3 అడుగులకు వచ్చినది. ఆగస్టులో రావలసిన వరద జూలైలోనే వచ్చినందున ఎవరును సిద్ధముగా లేరు. ధవళేశ్వరము వద్ద దాదాపు 26 లక్షల క్యూసెక్కులు. మరునాడు, 17వ తేదీ, 1986లో వలెనే ఆదివారమైనది. నీరు హాలు కిటికీలవరకు నిండినది. బియ్యము ఉబ్బి కుళ్లినది. డ్రమ్ములు తేలిపోయినవి. పాత గుడి మెట్టు పైదానిని తాకి నీరు ఆగినది. ముసలివారిని, బాలింతలను అక్కడికే చేర్చితిమి. తక్కినవారు ఏటిగట్టు మీద టార్పాలిన్ల క్రింద, పశువులతో కూడ గడిపినారు. ప్రభుత్వ పడవలలో నీళ్ల పాకెట్లు వచ్చినవి. వచ్చునంతవరకు చుట్టు కనుచూపుమేర నీరే, త్రాగుటకు చుక్క లేదు.

ప్రాణనష్టము లేదు, దేవునికి స్తోత్రము. కాని అసలు కష్టము నీరు తీసిన తరువాత వచ్చినది. హాలు ప్రక్కన మేమే వేయించిన బోరింగు పంపు నాలుగు దినములు మునిగియున్నది. మరుగుదొడ్ల గుంటలు, పశువుల దిబ్బలు, మురుగు కాలువ అన్నియు ఆ నీటిలోనే కలిసినవి. బురద కడిగిన వెంటనే పిల్లలు ఆ పంపు కొట్టుకొని త్రాగినారు. వారము తిరుగకముందే పేటలో వాంతులు, విరేచనములు. ఆరోగ్య సిబ్బంది వచ్చి బ్లీచింగు పోసి, క్లోరిన్ బిళ్లలు పంచినారు. పంపు మిట్టమీద వేయించియుంటే, లేక మునిగిన పంపు శుద్ధి చేయువరకు త్రాగకూడదని ఒక గుడ్డ కట్టియుంటే ఇంత జరిగెడిది కాదు. ఆ గుడ్డ కట్టుటకు ఇంజనీరు అక్కర లేదు. మాకు తోచలేదు, అంతే.

తరువాత చేసినది కొద్దియే. క్రొత్త పంపు పాత గుడి ఆవరణలో ఎత్తైన అరుగు మీద వేయించితిమి. పాత మిషను బావికి వర లేపి మూత పెట్టించితిమి. బియ్యము, డ్రమ్ములు గుడి అటక మీదికి మారినవి. ఏ ఇంట నడువలేనివారు, గర్భిణులు ఉన్నారో, ఎవరి పడవ ఎవరిని ఎక్కించుకొనవలెనో స్త్రీల మైత్రివారు ప్రతి జూన్‌లో పట్టిక వ్రాయుచున్నారు. వర్షాకాలమునకు ముందు ఒకసారి, వరద తరువాత ఒకసారి నీటి మచ్చు పరీక్షకు పంపుచున్నాము. కౌలు చెరువుల యజమానులను కూడ పిలిచి మాటాడితిమి. ఇద్దరు విన్నారు. మిగిలినవారు ఆ సంవత్సరము కోత పండుగకు రాలేదు. హాలు మాత్రము ఎక్కడ కట్టినదో అక్కడనే ఉన్నది. దానిని ఎత్తుటకు మా వల్ల కాదు. పెండ్లిండ్లకు బాగుగానే పనికివచ్చుచున్నది.

2022 జూలై 17 నాటి ఆరాధన పుస్తకములో ఈసారి మేము పేజీ నిండ వ్రాసితిమి – ధవళేశ్వరములో ఎన్ని అడుగులున్నప్పుడు మన గుడి ఏ మెట్టు మునిగినది, ఏ గంటకు, ఎన్ని కుటుంబములు, ఏ పంపు చెడినది. ఆ పుస్తకము ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద ఉన్నది. గుడి గోడమీద 2022 గీత గీసి, దాని పైన 1986 గీత కూడ గీయదలచి ఆ తల్లినే పిలిచితిమి. ఆమె కర్రతో చూపినచోట రంగు వేసితిమి. మరుసటి ఆదివారము ఇంకొక పెద్దాయన వచ్చి, అది తప్పు, నీరు ఇంకొక జానెడు పైకి వచ్చినది, నేను ఈ కిటికీలోనుండే పడవ ఎక్కితినని పట్టుపట్టినారు. ఇద్దరును వెనుకకు తగ్గలేదు. అందుచేత మా గుడి గోడమీద 1986కు ఇప్పుడు రెండు గీతలున్నవి.